వంద కిలోల బెల్టు

మంగళవారం పొద్దున్న కూడా కాటా తొంభై మూడే చూపించింది. సోమవారమూ అంతే. అంతకుముందు మూడు వారాలుగా ఏ రోజు ఎక్కినా అంతే. గున్‌వోర్ కాటా దిగి, చేతికున్న గడియారం తీసి పక్కన పెట్టి, మళ్ళీ ఎక్కింది. తొంభై మూడు.

"ఈ కాటా బ్యాటరీ చచ్చినట్టుంది!" అని అరిచింది, వంటింట్లో ఉన్న మొగుడికి వినపడేలా.

"మొన్ననే మార్చాగా" అన్నాడు అర్వీడ్. "గుడ్లు రెండా, మూడా?"

"మూడు. ఆ రొట్టె నా కంటబడకుండా దాచెయ్."

సోమవారానికి తొంభై ఒకటిన్నర కావాలి. చేతిలో ఉన్నది ఆరు రోజులు, పోవలసింది కిలోన్నర. సెప్టెంబర్లో నూటొక్క కిలోల దగ్గర మొదలుపెట్టినప్పుడు కిలోలు చెట్టు దులిపినట్టు రాలాయి. రొట్టె మానేసింది, బంగాళాదుంపలు మానేసింది, పంచదార మానేసింది. ఆకుకూరలూ చేపలూ మాంసమూ వెన్నా మీగడా తింది. ఎనిమిది కిలోలు పోయాయి. ఆ తర్వాత ఒళ్ళు మొండికేసింది.

అర్వీడ్ పందికొవ్వులో వేయించిన గుడ్లు తెచ్చి ముందు పెట్టాడు. వెన్న దొరకడం లేదు. ఆ శీతాకాలం దేశమంతా ఇదే తిండి మీద పడింది. అంగళ్ళలో వెన్న పెట్టే అల్మరా ఖాళీగా వెక్కిరిస్తోంది. గున్‌వోర్ గుడ్లు తినేసి, వడ్రంగి చిత్రికలాంటి చీజ్ చాకు తీసుకుని, బ్రౌన్ చీజ్ దిమ్మ మీద నాలుగు పొరలు లాగింది. ఒక్కొక్క పొరనీ చుట్ట చుట్టి నోట్లో వేసుకుంది. చిన్నప్పటి నుంచీ రొట్టె మీద వేసుకుని తిన్నదే. ఇప్పుడు రొట్టె లేదు కాబట్టి పొరలు కాస్త మందంగా లాగుతోంది. చీజ్ ఎంతైనా తినొచ్చని ఈ పథ్యం గురించి రాసిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఈ తిండిలో ఆమెకి మిగిలిన సుఖం అదొక్కటే.

"కాలో చెయ్యో కోసేసుకుంటే తప్ప కిలోన్నర పోయేలా లేదు" అంది లేస్తూ.

"కోస్తే ఎడమ చెయ్యి కొయ్యి. కుడిచేత్తో బ్రష్ వెయ్యాలిగా" అన్నాడు అర్వీడ్.

గున్‌వోర్‌కి యాభై ఒకటి. స్కార్‌వోగ్‌ అనే సముద్రపు రేవు ఊళ్ళో ఇరవయ్యారేళ్ళుగా పొగగొట్టాలు తుడుస్తోంది. ఊళ్ళో పదిహేనువందల పొగగొట్టాలుంటే, ఏది ఎటు వంగిందో, దేనికి ఏ ఇటుక వదులుగా ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషి సెప్టెంబరు నుంచి ఒక్క ఇంటి కప్పూ ఎక్కలేదు.

కార్యాలయంలో ఒడ్‌బ్యోర్న్ అప్పటికే జాబితాలు అచ్చువేసి బల్ల మీద అంచులు సరిచేసి పెట్టాడు. అతను వసంతంలో వచ్చిన కొత్త అధికారి. చెడ్డవాడు కాడు. అదే చిక్కు, చెడ్డవాడైతే గున్‌వోర్ ఎప్పుడో నాలుగూ దులిపేసి ఉండేది. అతనికి రూలంటే ప్రాణం. సెప్టెంబర్లో ఒకరోజు అటకలన్నీ తిరగేసి, కప్పు మీద నడుముకి కట్టుకునే రక్షణ బెల్టు తీసి, దానికి కుట్టిన చిన్న గుడ్డముక్క చదివాడు. "గరిష్ఠ బరువు వంద కిలోలు, దుస్తులూ పనిముట్లూ కలిపి" అని ఉంది అందులో. ఆ గుడ్డముక్క అక్కడ ఉందన్న సంగతే అంతవరకూ ఎవరికీ తెలియదు. చదివి తలెత్తి, గున్‌వోర్ వంక చూశాడు.

"సింద్రెకి కప్పులు" అన్నాడు ఇప్పుడు, ఒక కాగితం అందిస్తూ. "గున్‌వోర్, నీకు నేలమాళిగలు, పొయ్యిల తనిఖీ."

తోటి పనివాడు సింద్రె గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. తల వంచకపోతే అతని నుదురు పైకమ్మీకి కొట్టుకుంటుంది. తాటిచెట్టంత మనిషి, ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఒంటి మీద వీసమెత్తు కొవ్వు లేదు. ఒక చేతిలో కాగితం పట్టుకుని, రెండో చేత్తో దాల్చినచెక్క బన్ను తింటున్నాడు. ఇది ఆ పొద్దుటికి రెండోది.

"సోమవారం ఎనిమిదింటికి తూకం" అన్నాడు ఒడ్‌బ్యోర్న్. "చేపల రేవులో."

"చేపల రేవులోనా?"

"సర్కారు ముద్ర ఉన్న కాటా ఊళ్ళో అదొక్కటే. ఇంట్లో కాటాలు లెక్కలోకి రావు."

"కాడ్ చేపల్ని తూచే పలక మీద నన్ను నిలబెడతావన్నమాట! పోన్లే, తిమింగలాల కాటా కాదు, అదే పదివేలు" అంది గున్‌వోర్.

సింద్రె నవ్వాడు. ఒడ్‌బ్యోర్న్ నవ్వలేదు. "వేళాకోళం కాదు గున్‌వోర్. సోమవారం మధ్యాహ్నానికి కప్పు ఎక్కేవాళ్ళ పేర్లు పైకి పంపాలి. నీ పేరు లేకపోతే ఆ చోటు కొత్త మనిషికి ఇస్తారు. నీకు జీతమేం తగ్గదు. వెచ్చగా కూర్చుని ఉత్తరాలు రాసే పని."

"నేను కూర్చోడానికి చేరానా?"

"నీ ప్రాణం గురించే కదా చెబుతున్నా. నువ్వు జారినప్పుడు ఆ బెల్టు ఆగకపోతే?"

"ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి జారలేదు. సరే, రూలంటే రూలే. సింద్రెని తూచావా?"

"సింద్రెని తూచేదేముంది?" అన్నాడు ఒడ్‌బ్యోర్న్, నిజంగానే ఆశ్చర్యపోయి. "చూస్తుంటే తెలియడంలా?"

గున్‌వోర్ మసి బకెట్టు అందుకుని బయటికి నడిచింది. ఒళ్ళు మండిపోతోంది. చూస్తుంటే తెలియడంలా! ఎనిమిది కిలోలు తగ్గినా చూసేవాళ్ళకి ఇంకా తెలుస్తూనే ఉందన్నమాట. దారి పొడుగునా అదే మాట చెవిలో రొద పెట్టింది.

రేవుకి అవతల గట్టు మీద బోర్గ్‌హిల్ అనే ఎనభై నాలుగేళ్ళ ముసలామె ఒంటరిగా ఉంటుంది. గున్‌వోర్ వెళ్ళేసరికి పొయ్యి చల్లార్చి, ముందు పాత దుప్పటి పరిచి, కుర్చీ వేసుకుని సిద్ధంగా కూర్చుంది.

గున్‌వోర్ మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి తలుపు గొళ్ళెం కదిపి చూసింది. గొట్టం అతుకుల మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. ఎక్కడైనా బీట ఉంటే కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది. తర్వాత నేలమాళిగలోకి దిగి, పొగగొట్టం అడుగున ఉన్న ఇనప తలుపు తెరిచి, అద్దం లోపలికి పెట్టి పైకి వంచింది. పై చివర ఆకాశం గుండీ అంత కనిపించింది. ఆ గుండీకి ఒక పక్క కొరికినట్టుగా నల్లగా ఉంది.

"సింద్రె హడావిడిగా తుడిచిపోయాడు పెద్దమ్మా" అంది పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ. "తూర్పు పక్క మసి అలాగే ఉంది. పైనుంచి ఇంకోసారి తాడుకి బ్రష్షూ ఇనప గుండూ కట్టి వెయ్యాలి."

"అయితే ఎక్కి వెయ్యి."

"నేను ఎక్కకూడదు."

"ఎవడన్నాడు?"

"బెల్టు అంది" అని గున్‌వోర్ కథంతా చెప్పింది. కప్పు కొసనున్న కొప్పు మీద కూర్చుంటే ఎంత గాలి వీస్తుందో, పొయ్యిలు రాజుకునే వేళ ఊళ్ళోని పొగలన్నీ ఒక్కసారి ఎలా లేస్తాయో, అదంతా ఇంకెవరికి చెప్పుకోవాలి? నేలమాళిగల్లో కూర్చుంటే కనపడేవి ఇతరులు రాల్చిన మసీ తన బూట్లూ.

బోర్గ్‌హిల్ కరెంటు పొయ్యి మీద కాఫీ కాచి, వాఫల్ పెనం వేడి చేసి, జున్నుముక్కల్లా మెత్తగా ఉన్న వాఫల్స్ పళ్ళెంలో పేర్చింది. పక్కన బెర్రీపళ్ళ జామూ బ్రౌన్ చీజ్ దిమ్మా పెట్టింది.

"వాఫల్ వద్దు పెద్దమ్మా, పిండి కదా. జామూ వద్దు, పంచదార. ఈ చీజ్ ఒక్కటీ తీసుకుంటా" అంది గున్‌వోర్, పథ్యంలో నెగ్గిన మనిషిలా. చాకు అందుకుని ఒక పొర లాగింది. చుట్టి నోట్లో వేసుకుంది. ఇంకోటి. ఇంకోటి. ఏడోది లాగుతుంటే బోర్గ్‌హిల్ చెయ్యి వచ్చి చాకు మీద పడింది.

"ఇలా రోజూ తింటున్నావా?"

"తింటున్నా. చీజ్ ఎంతైనా తినొచ్చు."

"అది ఎలా చేస్తారో తెలుసా నీకు?"

"పాలతో."

"పాలతో!" బోర్గ్‌హిల్ కుర్చీ దగ్గరగా లాక్కుంది. "పద్నాలుగేళ్ళప్పటి నుంచీ ఎండాకాలమంతా కొండ మీద పశువుల పాకలో ఇదే పని చేశానే అమ్మాయ్. పాలు విరిచి, గట్టిదంతా తెల్ల చీజ్‌కి తీసేస్తాం. మిగిలిన విరుగుడు నీళ్ళు బానలో పోసి పొద్దుట పొయ్యి మీద పెడితే సాయంత్రం దాకా కలుపుతూనే ఉండాలి. చేతులు పడిపోయేవి. నీళ్ళన్నీ పోయి అడుగున మిగిలేదేంటి? పాలలో ఉన్న చక్కెరంతా అక్కడే! అది మాడి ఎర్రబడితేనే ఈ రంగు. పంచదార పాకానికి రంగెలా వస్తుందనుకున్నావ్?"

గున్‌వోర్ నోట్లో ఆరో చుట్ట సగం నమిలిన చోటే ఆగిపోయింది.

"ఈ పళ్ళెంలో అన్నిటికన్నా తియ్యటిది నువ్వు తింటున్నావే తల్లీ. ఆ వాఫల్ నయం" అంది బోర్గ్‌హిల్.

"కాదు" అంది గున్‌వోర్. "ఇది చీజ్."

"ఆ కాగితం వెనక చూడు. కళ్ళజోడు ఇవ్వనా?"

గున్‌వోర్ చీజ్ చుట్టిన కాగితం తీసి వెనక్కి తిప్పింది. పుట్టినప్పటి నుంచీ తింటున్నదాని వెనకాల ఏం రాసుందో ఎవరు చదువుతారు? వెన్న డబ్బా వెనక చదివింది, మీగడ సీసా వెనక చదివింది, ఆవాల ముద్ద వెనక కూడా చదివింది. దీన్ని మాత్రం ఎప్పుడూ తిప్పలేదు. సన్నటి అక్షరాల్లో ఉంది: వంద గ్రాములకి కార్బోహైడ్రేట్లు నలభై గ్రాములు. మూడు రోజులకో దిమ్మ అవగొడుతోంది తను. దిమ్మ అంటే అరకిలో.

ముందు ఆమెకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ వెనకే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తల ఆనించేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మూడు వారాలుగా తన ఒంటిని తనే తిట్టుకుంది. వయసని, ఎముకలని, వంశమని, చేతకానితనమని అర్థరహితంగా నిందించుకుంది. ఆ ఒళ్ళు పాపం ఏ తప్పూ చెయ్యలేదు. పెట్టింది పెట్టినట్టు దాచుకుంది.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అంది బోర్గ్‌హిల్ కంగారుగా.

"రెండూ" అంది గున్‌వోర్.

ఆ సాయంత్రం అర్వీడ్ ఇంట్లో ఉన్న బ్రౌన్ చీజ్ రెండు దిమ్మలూ సంచిలో వేసి, పడవల పాకలో వలల కింద దాచి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పీక కోసినా చెప్పను" అన్నాడు.

బుధవారం గున్‌వోర్‌కి నొప్పితో తల పగిలిపోయింది. నేలమాళిగల్లో వంగి లేచినప్పుడల్లా కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుక చివర తీపి కోసం పీకింది. ఇంటింటా కాఫీ పెట్టారు, కాఫీతో పాటు అదే దిమ్మ, అదే చాకు. "వద్దు" అంటే "చీజే కదా" అన్నారు అందరూ. ఆరిళ్ళలో ఆరుసార్లు ఆ మాట విన్నది. ఒకావిడ నొచ్చుకుంది కూడా. పుట్టింటి చీజ్‌ని కాదన్నట్టు మొహం పెట్టింది. గురువారం పొద్దున కాటా తొంభై రెండు కిలోలూ నాలుగు వందల గ్రాములు చూపించింది. గున్‌వోర్ తువ్వాలు చుట్టుకునే వంటింట్లోకి పరుగెత్తింది.

"తొంభై రెండూ నాలుగు!"

"వాన పడుతోంది, తలుపు వెయ్యి" అన్నాడు అర్వీడ్. కానీ చేతిలో గరిటె కింద పెట్టేసి వచ్చి భుజాలు పట్టుకుని ఊపాడు.

శుక్రవారం భోజనాల వేళ సింద్రెకి చెప్పింది. అతను ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పి, రొట్టె మీద ఉన్న బ్రౌన్ చీజ్ పొర ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"ఇది చీజ్ కాదా? మరి నేను ముప్పై ఏళ్ళుగా తింటున్నది ఏంటి?"

"మిఠాయి" అంది గున్‌వోర్. "నువ్వు తిను. నీకేం, తాటిచెట్టుకి ఎరువెక్కువైతే ఏమవుతుంది?"

"సోమవారం నీకేం కాదులే గున్‌వోర్" అన్నాడు సింద్రె, నవ్వు ఆపి. "నిజం చెప్పాలంటే నాకూ బాగాలేదు. ఇద్దరు మనుషుల పని ఒక్కణ్ణే చేస్తున్నా. బోర్గ్‌హిల్ పొగగొట్టం సరిగ్గా తుడవలేదని నాకూ తెలుసు. చీకటి పడిపోయింది ఆ రోజు."

గున్‌వోర్ అతనికేసి చూసి తలాడించింది. కోపం పెట్టుకోవలసిన మనిషి ఇతను కాదు.

శనివారం వచ్చింది. శనివారం ఆ ఇంట్లో పాలలో ఉడికించిన అన్నం. ముప్పై ఏళ్ళుగా తప్పలేదు. మెత్తగా ఉడికి, పైన పంచదారా దాల్చినచెక్క పొడీ, నడుమ కరిగే వెన్న ముద్ద. అర్వీడ్ తన గిన్నె తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు, చలికి కోటు వేసుకుని. కిటికీ అద్దంలోంచి గున్‌వోర్‌కి అతని వీపు కనిపిస్తోంది. చెంచా గబగబా ఆడుతోంది. తన ముందు ఉడకబెట్టిన చేప, క్యాబేజీ.

"లోపలికి రా!" అని కిటికీ తట్టింది. "గడ్డకట్టుకుపోతావ్."

"వాసన వస్తుందని" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"వస్తే రానీ. చూస్తూ తింటా." కూర్చుని అతని గిన్నె వంకే చూస్తూ చేప తిన్నది. ఎంత కష్టమైందంటే, చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చుంది. పూజ చేసుకున్నంత నిష్ఠగా ఆ పూట గడిచింది. అర్వీడ్ గిన్నె అడుగున రెండు చెంచాలు మిగిల్చి, "కడిగేస్తా" అంటూ లేచాడు. అతను వెన్న వేసుకోలేదని అప్పుడు గమనించింది. ఇంట్లో మిగిలిన ఆఖరి ముక్క ఆమె కోసం అట్టేపెట్టాడు.

ఆదివారం, క్రిస్మస్‌కి ముందు వారానికొకటిగా వెలిగించే కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించుకున్నాక, వసారాలో దూలానికి అర్వీడ్ చేపలు తూచే కొక్కెం త్రాసు కట్టి, పనిదుస్తులూ బూట్లూ బెల్టూ తాడూ బ్రష్షూ ఇనప గుండూ అన్నీ ఒక గోనెలో వేసి లెక్క సరిచూడ్డానికి మళ్ళీ వేలాడదీశారు. ఎనిమిదిన్నర కిలోలు. పొద్దున కాటా తొంభై ఒకటీ ఎనిమిది.

"మూడు వందల గ్రాములు ఎక్కువ" అన్నాడు అర్వీడ్. "ఆ గుండు తీసెయ్. తూకమయ్యాక తగిలించుకో. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తా" అంది గున్‌వోర్. "గుండు లేకుండా కప్పెక్కేది గాలి పీల్చుకోడానికా?"

ఆ రాత్రి చారు తాగి పెందరాళే పడుకుంది. నిద్రపట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు.

సోమవారం ఎనిమిదింటికి ఇంకా సరిగా తెల్లారలేదు. చేపల గోదాములో దీపాలు వెలుగుతున్నాయి. నేల నీళ్ళతో కడిగి ఉంది. నేలకి సమంగా పరిచిన ఇనప పలక, దాని పక్కన గోడకి ఎర్రటి అంకెల పెట్టె. కాటా చూసుకునే మనిషి, రబ్బరు ఏప్రన్ వేసుకున్న లావుపాటి హాల్‌డిస్, చేపపెట్టెలు పక్కకి తోసి దారి ఇచ్చింది. సింద్రె కూడా పనిదుస్తుల్లో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పెట్టెలు మోసే నలుగురు పని ఆపి గోడకి జారబడ్డారు.

"మీకు పన్లేదా?" అంది హాల్‌డిస్ వాళ్ళతో. వాళ్ళు కదల్లేదు.

ఒడ్‌బ్యోర్న్ చేతిలో అట్ట, దానికి కాగితం, జేబులో కలం. "నీకిష్టమైతే వాళ్ళని బయటికి పంపిస్తా" అన్నాడు మెల్లగా.

"ఉండనీ" అంది గున్‌వోర్. "ముద్ర కాటాకే ఉందిగా, సాక్షులకి అక్కర్లేదు."

ఇంట్లో కాటా తొంభై ఒకటీ మూడు చూపించింది. కానీ ఇది ఇంట్లో కాటా కాదు. నల్ల దుస్తులు, బూట్లు, నడుముకి బెల్టు, భుజాన తాడు చుట్ట, చేతిలో బ్రష్షూ గుండూ. అన్నిటితో పలక మీద అడుగు పెట్టింది. ఎర్రంకెలు పరుగెత్తి నూటికి పైన రెండు వందల గ్రాముల దగ్గర ఆగాయి. మళ్ళీ కదిలాయి. తొంభై తొమ్మిదీ ఆరు. నూరూ ఒకటి. గున్‌వోర్ ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి బిగబట్టకే" అంది హాల్‌డిస్. "వణుకుతున్నావ్. బతికున్న చేపని పెట్టినా ఇలాగే ఆడుతుంది. వదులుగా నిలబడు."

గున్‌వోర్ కళ్ళు మూసుకుంది. కప్పు కొప్పు మీద నిలబడేటప్పుడు చేసినట్టే పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్ళు సడలించి, బరువంతా మడమల్లోకి దించింది.

"తొంభై తొమ్మిదీ ఎనిమిది" అని చదివింది హాల్‌డిస్. "ఆగింది. రాసుకోవయ్యా!"

గోడ దగ్గర నలుగురూ చప్పట్లు కొట్టారు. సింద్రె ఈల వేశాడు. ఒడ్‌బ్యోర్న్ అంకె వంక రెండుసార్లు చూసి, కాగితం మీద రాసి, "బాగుంది. చాలా బాగుంది గున్‌వోర్" అన్నాడు. అతని మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. గున్‌వోర్‌కి ఎగిరి గంతెయ్యాలని ఉంది. కానీ పలక దిగలేదు.

"సింద్రె పేరు కూడా ఉంది కదా ఆ కాగితంలో?"

"ఉంది."

"అతని పేరు పక్కన ఏం రాస్తావ్?"

ఒడ్‌బ్యోర్న్ కలం గాల్లో ఆగింది. కాగితంలో సింద్రె పేరు పక్కన కూడా ఒక గడి ఉంది, ఖాళీగా. ఖాళీ గడి పైకి పంపే మనిషి కాడు అతను. గున్‌వోర్ పలక దిగి చోటిచ్చింది.

"నేనా? దాందేముంది!" అన్నాడు సింద్రె. అప్పుడే పనికి బయల్దేరే వేషంలో ఉన్నాడేమో, తాడూ గుండూ ఊపుకుంటూ నవ్వుతూ వచ్చి ఎక్కాడు. గోడ దగ్గరివాళ్ళని చూసి కండలు కూడా బిగించి చూపించాడు.

ఎర్రంకెలు పరుగెత్తి, ఒక్కసారికే ఆగాయి. నూట మూడూ ఆరు.

సింద్రె కిందకి దిగి మళ్ళీ ఎక్కాడు. నూట మూడూ ఆరు.

"బన్నులు" అన్నాడు నీరసంగా.

"బన్నులు కాదురా, ఎముకలు. రెండు మీటర్ల మనిషివి, ఆ మాత్రం ఉండవా?" అంది గున్‌వోర్. అతన్ని చూస్తే జాలేసింది. కానీ జాలికంటే ముందు ఆమెకి ఇంకొకటి తెలిసింది: సెప్టెంబరు నుంచీ ఈ మూడు నెలలూ అదే బెల్టు మీద, అదే రూలు కింద, ఇతను రోజూ కప్పులెక్కాడు. చూస్తే తెలియలేదు కాబట్టి ఎక్కాడు.

ఒడ్‌బ్యోర్న్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కకి వెళ్ళి ఫోను తీశాడు. గోదాములో మాట మారుమోగుతుంది. ఎంత తగ్గించి మాట్లాడినా అందరికీ వినపడింది. "అవును, నూట నలభై కిలోలది… ఆ, రక్షణ బెల్టు… ఎల్లుండికి చేరుతుందా?… ఒకటి."

ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి గున్‌వోర్ ఎదురుగా నిలబడి ఉంది.

"నూట నలభై కిలోల బెల్టు ఉందన్నమాట."

"ఉంది."

"సెప్టెంబర్లో కూడా ఉందా?"

అతను అబద్ధం చెప్పగలిగిన మనిషి కాడు. "ఉండే ఉంటుంది. నేను అడగలేదు." కొంచెం ఆగి, "నాకు తోచలేదు గున్‌వోర్. నువ్వు తగ్గితే నీకే మంచిదనుకున్నాను" అన్నాడు.

మూడు నెలల క్యాబేజీ, నేలమాళిగలు, మూడు వారాల తిట్లు, నిన్నటి నిద్రలేని రాత్రి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సింద్రె కోసమైతే అతనికి అర నిమిషంలో తోచింది. ఏడుపొస్తుందేమోనని ఆమెకి భయమేసింది. రాలేదు. ఆమె నిలబడ్డ కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఈ తొమ్మిదిన్నర కిలోల పైచిలుకూ ఎవరి ఫోనూ దింపలేదు, తనే దింపింది. దాన్ని ఇప్పుడు ఎవరూ చిన్నది చెయ్యలేరు.

"మళ్ళీ ఫోను చెయ్యి" అంది. "రెండు చెప్పు. ఒకటి సింద్రెకి, ఒకటి నాకు. క్రిస్మస్‌కి బంగాళాదుంపలు తింటాను నేను. తిన్నా మానేసినా ఇంక అది నా ఇష్టం, నీ కాగితం పని కాదు."

హాల్‌డిస్ ఏప్రన్ అంచుతో మూతి కప్పుకుంది. ఒడ్‌బ్యోర్న్ ఫోను తీసి, ఈసారి గొంతు తగ్గించకుండా, "ఇందాకటిది ఒకటి కాదు, రెండు" అన్నాడు. తర్వాత గున్‌వోర్ వైపు తిరిగి, "తప్పు నాది. అందర్నీ తూచాల్సింది" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి కష్టమైంది. నలుగురు పెట్టెల మనుషుల ముందే అన్నాడు.

"ఎల్లుండి దాకా కప్పులు ఎవరివి మరి?" అని అడిగింది గున్‌వోర్.

ఒడ్‌బ్యోర్న్ కాగితం వంక చూశాడు. కప్పెక్కడానికి రూలు ప్రకారం తగినవాళ్ళు అందులో ఒక్కరే మిగిలారు. "నీవే" అన్నాడు.

ఆ రోజు జాబితాలో తొమ్మిది ఇళ్ళు. మొదటిది రేవు వెనక పసుప్పచ్చ ఇల్లు, పలకరాళ్ళ కప్పు, రాత్రి వానకి తడిసి నున్నగా మెరుస్తోంది. సింద్రె నేలమాళిగలోకి దిగి ఇనప తలుపు దగ్గర బకెట్టుతో కూర్చున్నాడు. నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేక ఒడ్‌బ్యోర్న్ కోటు విప్పి, చేతికి తొడుగులు వేసుకుని, రెండు చేతులతో దాన్ని బిగబట్టాడు.

గున్‌వోర్ ఎక్కింది. మూడు నెలలు ఆగిన మోకాళ్ళు మొదటి నాలుగు మెట్ల దగ్గర గొణిగాయి, తర్వాత దారి గుర్తుపట్టాయి. చూరు దాటి, కప్పు మెట్ల మీద ఒక్కో అడుగూ పలక గట్టిదనం చూసుకుంటూ వేసి, కొప్పు చేరి, బెల్టు కొక్కెం తగిలించింది. అప్పుడు తలెత్తింది. గాలి మొహాన కొట్టింది. కొండల వెనక నుంచి వెలుతురు నీటి మీదికి జారుతోంది. ఊళ్ళో పొయ్యిలన్నీ రాజుకున్నాయి. ఒక్కో పొగ నిటారుగా లేచి, ఒకే చోట గాలికి వంగుతోంది. వాటిని ఒకటొకటిగా పేరుపెట్టి చూసుకుంది. ఎక్కడ ఏ పొగ సన్నగా వస్తోందో, ఎవరింట్లో తడి కట్టెలు కాలుస్తున్నారో, అన్నీ చూసింది. ఒళ్ళంతా సంతోషం నిండిపోయింది, దాచుకోబుద్ధి కాలేదు. పైనుంచే "హోయ్!" అని ఒక కేక పెట్టింది.

"ఏమైంది?" అని ఒడ్‌బ్యోర్న్ కింద గాభరాపడ్డాడు.

"ఏం కాలేదు!"

గుండు వదిలింది. తాడు అరచేతుల్లోంచి జారుతూ పోయింది, బ్రష్ ఇటుకల్ని రాసుకుంటూ దిగింది, ఎక్కడో అడుగున గుండు ఠంగుమని తగిలింది. లాగి, మళ్ళీ వదిలింది. తూర్పు పక్కా పడమటి పక్కా, ఏ మూలా వదలకుండా నాలుగుసార్లు. చాలని సింద్రె అడుగునుంచి అరిచాక, ఐదోసారి తన తృప్తికోసం.

దిగేసరికి ఆమె మొహమంతా నల్లగా ఉంది, పళ్ళు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. సింద్రె మసి బకెట్టు ఖాళీ చేసి వచ్చాడు. ఒడ్‌బ్యోర్న్ జాబితా తీసి, "తర్వాత ఎవరిల్లు?" అని అడిగాడు.

"కాగితం ఎందుకు, నేను చెప్తా" అని గున్‌వోర్ తాడు భుజాన వేసుకుని ముందు నడిచింది. వాళ్ళిద్దరూ నిచ్చెన మోసుకుంటూ ఆమె వెనకాల నడిచారు.